ఊరికి నల్లా వచ్చింది.. అయినా తాగడానికి క్యాన్ నీళ్లే ఎందుకు?

పండగకు ఊరెళ్లినప్పుడు చాలామందికి కనిపించే దృశ్యమే ఇది. ఇంటి ముందు ప్రభుత్వం బిగించిన నల్లా ఉంటుంది. ఆంధ్రలో అయితే కుళాయి అంటారు. పొద్దున ఓ గంట నీళ్లు వస్తాయి. ఆ నీళ్లు గిన్నెలు తోమడానికి, బట్టలు ఉతకడానికి, గేదెలకు పెట్టడానికి. వంటింట్లో స్టాండు మీద మాత్రం 20 లీటర్ల క్యాన్ బోర్లించి ఉంటుంది. తాగేది అదే.

ఎందుకని అడిగితే తలో మాట చెబుతారు. బ్లీచింగ్ వాసన వస్తుందని ఒకరు, రుచి బాగోదని ఒకరు, మోకాళ్ల నొప్పులు వస్తాయని ఇంకొకరు. మరోపక్క గ్రామీణ ఇళ్లకు నీళ్లివ్వడానికి ప్రభుత్వాలు లక్షల కోట్ల రూపాయలు ఖర్చు పెడుతున్నాయి. అంత ఖర్చుతో వచ్చిన నీళ్లను పక్కన పెట్టి, ఎవరూ పరీక్షించని నీళ్లను డబ్బులిచ్చి కొనుక్కోవడం సరైనదేనా? లేక ఊరి జనం అనుమానంలో నిజం ఉందా? రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అదెలాగో చూద్దాం.

'కనెక్షన్ ఇచ్చాం' అంటే అర్థం ఏంటి?

జల్ జీవన్ మిషన్‌ను ప్రధాని మోదీ 2019 ఆగస్టు 15న ప్రకటించారు. అప్పటికి దేశంలో నల్లా ఉన్న గ్రామీణ కుటుంబాలు 3.23 కోట్లు. మొత్తంలో అవి 17 శాతమే. ఆ సంఖ్య ఇప్పుడు 15 కోట్లు దాటింది. అంటే ప్రతి ఐదు ఇళ్లలో దాదాపు నాలుగింటికి కనెక్షన్ ఉంది. ఈ పథకానికి మొదట వేసిన అంచనా రూ.3.60 లక్షల కోట్లు. 2024కల్లా అందరికీ ఇస్తామన్నది మొదటి లక్ష్యం. అది పూర్తి కాకపోవడంతో గడువును 2028 వరకు పొడిగిస్తున్నట్టు 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. తెలంగాణ, గుజరాత్, గోవా లాంటి రాష్ట్రాలు నూటికి నూరు శాతం ఇచ్చామని ప్రకటించుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పని ఇంకా మిగిలే ఉంది.

అయితే నల్లా బిగిస్తే పని అయిపోయినట్టు కాదని ఈ పథకం నిబంధనలే చెబుతున్నాయి. మనిషికి రోజుకు కనీసం 55 లీటర్లు రావాలి. ఆ నీరు బీఐఎస్ 10500 ప్రమాణానికి తగ్గట్టు ఉండాలి. ఏదో కొన్నాళ్లు కాకుండా ఎప్పుడూ క్రమంగా రావాలి. ఈ మూడూ ఉంటేనే దాన్ని 'పనిచేస్తున్న కనెక్షన్' అనాలి.

ఆ లెక్కన చూస్తే చిత్రం మారిపోతుంది. 2022లో కేంద్రం దేశవ్యాప్తంగా దాదాపు 3 లక్షల ఇళ్లలో సర్వే చేయించింది. 86 శాతం ఇళ్లలో నల్లాలు పనిచేస్తున్నాయి. పరిమాణం, నాణ్యత, క్రమం.. మూడూ సరిగ్గా ఉన్న ఇళ్లు మాత్రం 62 శాతమే. ఒక్కో అంశాన్ని విడిగా చూస్తే అన్నింట్లోనూ 80 శాతం పైనే ఉన్నాయి. కలిపి చూసినప్పుడు కిందికి జారింది. నీళ్లు సరిపడా వచ్చిన ఊళ్లో నాణ్యత ఉండకపోవచ్చు, నాణ్యత ఉన్న ఊళ్లో రెండు రోజులకోసారి రావొచ్చు. ఇంట్లో ఉన్నవాళ్లకు ఈ మూడింట్లో ఏది తప్పినా క్యాన్ కొనాల్సిందే.

నలుగురున్న ఇంటికి 55 లీటర్ల చొప్పున రోజుకు 220 లీటర్లు. అందులో తాగడానికి, వంటకు కలిపి కావాల్సింది సుమారు 20 లీటర్లు. అంటే సరిగ్గా ఒక క్యాన్. మొత్తం నీళ్లలో పదో వంతు కూడా లేని ఈ 20 లీటర్ల దగ్గరే సర్కారు నల్లా మీద నమ్మకం నిలబడుతోంది లేదా పోతోంది.

మరిగిస్తే పోయేవి, పోనివి

నీళ్లలో ఉండే ప్రమాదాలు రెండు రకాలు. ఈ తేడా తెలియక చాలా ఇళ్లలో తప్పు మందు వాడుతుంటారు.

మొదటిది సూక్ష్మక్రిములు. మురుగు కలిస్తే వస్తాయి. విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లు వీటివల్లే. ఒకటి రెండు రోజుల నుంచి కొన్ని వారాల్లో మంచాన పడేస్తాయి. పసిపిల్లలకైతే ప్రాణాంతకం. దేశంలో ప్రతి గ్రామీణ కుటుంబానికీ సురక్షితమైన నల్లా నీరు అందితే విరేచనాల వల్ల జరిగే దాదాపు 4 లక్షల మరణాలను ఆపొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అంచనా వేసింది. ఈ క్రిములు నీళ్లు మరిగిస్తే చస్తాయి, క్లోరిన్ వేసినా చస్తాయి.

రెండోది రసాయనాలు. ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ లాంటివి. వీటికి రంగు ఉండదు, వాసన ఉండదు. ఏళ్ల తరబడి తాగితే గానీ బయటపడవు. మరిగిస్తే పోవు సరికదా, ఆవిరైన నీటి మేరకు మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడతాయి.

బీఐఎస్ ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు. వేరే దారి లేనిచోట 1.5 వరకు సర్దుకోవచ్చు. నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు, ఇక్కడ సడలింపు లేదు. కరిగిన లవణాలు, అంటే అందరి నోళ్లలో నానే టీడీఎస్, 500 లోపు ఉంటే మంచిది. మరో నీటి వనరు లేకపోతే 2,000 వరకు అనుమతిస్తారు. ఈ-కోలి బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లలో ఒక్కటీ కనిపించకూడదు.

టీడీఎస్ పెన్నుతో నీళ్లు పరీక్షించే అలవాటు ఈమధ్య ఊళ్లకూ పాకింది. ప్యూరిఫయర్ అమ్మేవాళ్లు గ్లాసులో ముంచి అంకె చూపిస్తారు. ఆ పెన్ను చెప్పేది లవణాలు మొత్తం ఎన్ని ఉన్నాయన్నది మాత్రమే. అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. క్రిముల సంగతి అసలే తెలియదు. టీడీఎస్ 80 ఉన్న నీళ్లలోనూ విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు.

నల్గొండ నేర్పిన పాఠం

రసాయనాల సమస్య ఎంత కాలం పీడిస్తుందో తెలుసుకోవాలంటే తెలుగు నేల దాటి వెళ్లక్కర్లేదు. ఫ్లోరోసిస్‌ను భారతదేశంలో తొలిసారి నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. ఆ జిల్లాలో ఉన్న దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి, అంటే తర్వాత ప్రకాశంగా పేరు మారిన జిల్లాలోకి వెళ్లాయి. ఉమ్మడి ప్రకాశం పశ్చిమ భాగంలో ఫ్లోరైడ్ నేటికీ మాట్లాడుకునే సమస్యే. 2025 జులైలో మార్కాపురం ప్రాంతం కోసం సుమారు రూ.1,290 కోట్ల తాగునీటి పథకానికి ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ శంకుస్థాపన చేశారు. రోగాన్ని గుర్తించిన ఏడాదికి, ఈ శంకుస్థాపనకు మధ్య 88 ఏళ్లు.

నల్గొండది ఇంకా చేదు కథ. నాగార్జునసాగర్ ఉన్న జిల్లానే అది. అయినా మర్రిగూడ, నాంపల్లి, చండూరు లాంటి మెట్ట ప్రాంతాలకు కృష్ణా నీరు అందలేదు. అక్కడ దిక్కు బోర్లే. కింద ఉన్నది గ్రానైట్ రాయి. ఆ రాతిలోని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్లు రాతితో ఎంత ఎక్కువ కాలం కలిసి ఉంటే అంత ఎక్కువ కరుగుతుంది. వానలు తగ్గి, బోర్లు లోతుకు వెళ్లేకొద్దీ సమస్య ముదిరింది. పళ్లు గార పట్టడంతో మొదలై, కీళ్లు బిగుసుకుపోయి, వెన్ను వంగిపోయే దాకా వెళుతుంది. ఎముకలు వంకర తిరిగాక దాన్ని తిరిగి సరిచేసే మందు లేదు.

దీనిపై జిల్లా ప్రజలు చేసిన ఆందోళనల్లో 1996 లోక్‌సభ ఎన్నికలది ప్రత్యేక స్థానం. జలసాధన సమితి పిలుపుతో వందలమంది నామినేషన్లు వేశారు. చివరికి నల్గొండ స్థానంలో పోటీలో మిగిలినవాళ్లు 480 మంది. దేశమంతా ఆ జిల్లా వైపు చూసింది. అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్‌ను రూ.500 నుంచి రూ.10,000కు పెంచారు. డిపాజిట్ వెంటనే పెరిగింది. నీళ్లు రావడానికి మాత్రం ఇంకో 20 ఏళ్లు పట్టింది.

ఇంతలో ఇంకో ప్రయత్నం జరిగింది. నాగ్‌పుర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ ఫ్లోరైడ్ తొలగించే పద్ధతి ఒకటి రూపొందించింది. పేరు కూడా 'నల్గొండ టెక్నిక్'. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, బాగా తిప్పి, తేరనిస్తే ఫ్లోరైడ్ అడుగున మడ్డితో పాటు దిగుతుంది. ఖరీదు తక్కువ, యంత్రాలు పెద్దగా అక్కర్లేదు. ఇతర దేశాల వాళ్లు కూడా వాడిచూశారు. చిక్కంతా రోజువారీ పనిలో వచ్చింది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూసి పటిక మోతాదు మార్చుకోవాలి. రోజూ కలపాలి. అడుగున చేరిన మడ్డిని ఎక్కడో పారబోయాలి. ప్రయోగశాలలో బాగా పనిచేసిన పద్ధతిని ఊళ్లో రోజూ పొద్దున్నే చేసేవాళ్లు ఎవరన్న ప్రశ్నకు సమాధానం దొరకలేదు. మన తాగునీటి పథకాల్లో చాలావాటి కథ ఇలాగే ఉంటుంది.

మిషన్ భగీరథ వేరే దారి పట్టింది. భూగర్భ జలాన్ని శుద్ధి చేసే బదులు దాన్ని వదిలేసి, కృష్ణా, గోదావరి నీళ్లను పైపుల్లో తెచ్చింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ నియోజకవర్గంలోని కోమటిబండ దగ్గర దీన్ని ప్రారంభించారు. గ్రామాల్లో మనిషికి 100 లీటర్లు ఇవ్వాలన్నది లక్ష్యం. జల్ జీవన్ మిషన్ లెక్క కన్నా ఇది దాదాపు రెట్టింపు. కేంద్రం లెక్కల ప్రకారం తెలంగాణలో 2015లో 967 ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు ఉండగా 2020 నాటికి అవి సున్నాకు వచ్చాయి.

ఈ 'సున్నా'ను జాగ్రత్తగా చదవాలి. నేలలో ఫ్లోరైడ్ పోయిందని దాని అర్థం కాదు. ఆ ఊళ్లకు సురక్షితమైన మరో వనరు నుంచి నీళ్లు అందుతున్నాయని అర్థం. బోరులో ఫ్లోరైడ్ అలాగే ఉంది. పైప్‌లైన్ పగిలి నాలుగు రోజులు నీళ్లు రాకపోతే, పంచాయతీ పాత బోరు మోటారు వేస్తే, ఆ నాలుగు రోజులూ నల్లాలో వచ్చేది పాత నీళ్లే. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.

ట్యాంకు దాటాకే అసలు తంటా

నది నుంచి తోడిన నీటిని శుద్ధి కేంద్రంలో పటికతో తేర్చి, ఇసుక ఫిల్టర్లలో వడకట్టి, క్లోరిన్ కలుపుతారు. అక్కడ ఇంజినీర్లు ఉంటారు, ల్యాబ్ ఉంటుంది. అక్కడి నుంచి పెద్ద పైపుల్లో ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు దాకా వస్తుంది. సాధారణంగా ఇంతవరకు నీళ్లు బాగానే ఉంటాయి. ఆ తర్వాతి ఒకటి రెండు కిలోమీటర్ల దగ్గరే గొడవ.

ఊళ్లో నీళ్లు రోజుకు గంట, రెండు గంటలే వదులుతారు. మిగతా 22 గంటలు పైపు ఖాళీ. నీళ్లు నిండుగా ఉన్న పైపుకు చిల్లు పడితే నీళ్లు బయటికి కారతాయి. ఖాళీ పైపుకు చిల్లు ఉంటే పక్కనున్న మురికి లోపలికి వస్తుంది. మన ఊళ్లలో నీళ్ల పైపు, మురుగు కాలువ చాలాచోట్ల పక్కపక్కనే పోతాయి. కొన్నిచోట్ల పైపు కాలువలోంచే పోతుంది. పొద్దున వాల్వు తిప్పగానే రాత్రంతా పైపులో చేరిన మురికి మొదటి బిందెలోకి వస్తుంది. ఊళ్లో పెద్దవాళ్లు మొదటి రెండు బిందెలు పారబోయడం ఊరికే నేర్చుకోలేదు.

దీనికి మనం కూడా తోడవుతాం. నీళ్ల ధార సన్నగా వస్తుందని నల్లా పైపు కోసేసి, నేలలో గుంత తవ్వి అందులో బిందె పెడతారు. సరఫరా ఆగాక గుంతలో నిలిచిన నీళ్లు అదే పైపులోకి వెనక్కి వెళతాయి. ఇంకొందరు నల్లాకు నేరుగా మోటారు బిగిస్తారు. మోటారు లాగే లాగుడుకు పక్కింటికి నీళ్లు రావు. పైగా అతుకుల దగ్గర బయటి మురుగును లోపలికి పీలుస్తుంది. ఒక వీధిలో నాలుగు మోటార్లు ఉన్నాయంటే ఆ వీధి మొత్తం నీళ్లను అనుమానించాల్సిందే.

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి పలువురు చనిపోయారు. వేళ్లు కలుషిత నీటి వైపే చూపించాయి. ఏటా వానాకాలంలో ఏదో ఒక జిల్లా నుంచి ఇలాంటి వార్త వస్తూనే ఉంటుంది. దాదాపు ప్రతి కథలోనూ పాత పైపు, దాని పక్కన ఒక కాలువ ఉంటాయి.

ఒక డబ్బా బ్లీచింగ్ పౌడర్

పైపులో మురికి చేరినా కాపాడగలిగేది క్లోరిన్. అందుకే నల్లా దగ్గరికి వచ్చేసరికి కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం. మనం ముక్కు మూసుకునే ఆ బ్లీచింగ్ వాసన నిజానికి కాపలా ఉందన్న గుర్తు. అసలేమీ వాసన రాని పంచాయతీ నీళ్లను చూసి సంతోషించే ముందు ట్యాంకులో క్లోరిన్ వేశారా అని అడగడం మంచిది. వాసన మరీ ఇబ్బందిగా ఉంటే మూత లేని పాత్రలో కాసేపు ఉంచితే తగ్గుతుంది.

వేయాల్సింది చాలా కొంచెం. మంచి బ్లీచింగ్ పౌడర్ అయితే మామూలు నీటికి 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు. 60 వేల లీటర్ల ట్యాంకుకు 150 గ్రాములు. నీళ్లు మురికిగా ఉంటే ఎక్కువ కావాలి. ముందు బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను ట్యాంకులో పోయాలి. అరగంట ఆగి నీళ్లు వదలాలి. ఇంతే పని. కానీ మూత తీసిన బస్తా నెలల తరబడి పంచాయతీ ఆఫీసు మూలన ఉంటే అందులోని క్లోరిన్ గాలికి పోయి సున్నపు పొడి మిగులుతుంది. అది ఎంత వేసినా రికార్డులో 'క్లోరినేషన్ చేశాం' అని రాసుకోవడానికే పనికొస్తుంది.

క్లోరిన్ ఉందో లేదో తెలుసుకోవడానికి పంచాయతీల్లో క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టె ఉంటుంది. గొట్టంలో నీళ్లు పోసి, రెండు మూడు చుక్కల మందు వేస్తే పసుపు రంగు వస్తుంది. రంగును పక్కనున్న పట్టీతో పోల్చి చూడాలి. రంగు రాకపోతే క్లోరిన్ లేనట్టే. ఇది ట్యాంకు దగ్గర కాకుండా ఊరి చివరి ఇంటి నల్లా దగ్గర చేయాలి. ట్యాంకు పక్కన ఎప్పుడూ బాగానే ఉంటుంది.

ఈ పని చేసేది ఎవరు? వాల్వులు తిప్పే పంపు ఆపరేటరో, పంచాయతీ కార్మికుడో. చాలాచోట్ల అదే మనిషి వీధులు ఊడుస్తాడు, వీధి దీపాలు చూస్తాడు, చెత్త బండి నడుపుతాడు. జీతం తక్కువ, అదీ నెలనెలా రాదు. వేల కోట్ల పథకం చివర్లో ఆ ఒక్క మనిషి మీద ఆధారపడి ఉంటుంది.

మరి క్యాన్ నీళ్లు మంచివేనా?

ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండి, నది నీళ్లు రాని ఊళ్లో ఆర్వో ప్లాంటు నిజంగానే దిక్కు. పొర గుండా నీళ్లను బలంగా నెట్టి ఫ్లోరైడ్‌తో పాటు లవణాలన్నింటినీ చాలావరకు తీసేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2014 అక్టోబరు 2న మొదలైన ఎన్టీఆర్ సుజల పథకం ఈ ఆలోచనతోనే వచ్చింది. 2 రూపాయలకే 20 లీటర్లు. పొరలు మార్చే డబ్బు, చూసుకునే మనిషి లేని చోట ఇలాంటి ప్లాంట్లు మూతపడ్డాయి. వాటి స్థానంలో ప్రైవేటు ప్లాంట్లు వచ్చాయి.

వీటిలో బాగా నడిపేవీ ఉన్నాయి. కానీ చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. ఆర్వో పొరను క్లోరిన్ పాడు చేస్తుంది. అందుకే ముందుగానే బొగ్గు ఫిల్టర్‌తో క్లోరిన్ తీసేస్తారు. కాబట్టి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో క్రిములను అడ్డుకునే కాపలా ఉండదు. ఆ నీళ్లను సరిగ్గా కడగని క్యాన్‌లో పట్టి, ఆటోలో ఎండలో తిప్పి, ఇంట్లో మూడు రోజులు ఉంచితే మళ్లీ క్రిములు చేరొచ్చు. రుచి మాత్రం తియ్యగానే ఉంటుంది. సీలు వేసి అమ్మే నీళ్లకు ఆహార భద్రత లైసెన్సు ఉండాలి. సీలు లేకుండా క్యాన్ నింపి ఇచ్చే ప్లాంటులో నీటిని ఆఖరిసారి ఎప్పుడు పరీక్షించారో అడిగితే చాలాచోట్ల మౌనమే సమాధానం.

వృథా సంగతి వేరు. తోడిన నీళ్లలో పెద్ద భాగం చిక్కటి ఉప్పునీరుగా మారి కాలువ పాలవుతుంది. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్వో అక్కర్లేదని, అలాంటి చోట్ల వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లోనే ఆదేశించింది. శుద్ధి చేసిన నది నీళ్లు వచ్చే ఊరికి కావాల్సింది ఆర్వో కాదు. చిల్లు లేని పైపు, సరిపడా క్లోరిన్.

డబ్బు కూడా చిన్నదేం కాదు. క్యాన్ 10 రూపాయలే అనుకున్నా, రోజుకొకటి చొప్పున ఏడాదికి రూ.3,650. కూలికి వెళ్లే ఇంటికి అది చాలా రోజుల కూలి. వేసవిలో క్యాన్ ధర పెరుగుతుంది, అవసరమూ పెరుగుతుంది.

నడిపే ఖర్చు ఎవరిది?

రాజ్యాంగం 11వ షెడ్యూలులో తాగునీటిని పంచాయతీల అంశంగా పెట్టారు. పథకం కట్టేది గ్రామీణ నీటి సరఫరా శాఖ. ఊరి లోపల నడపాల్సింది పంచాయతీ. నిర్మాణానికి కేంద్రం, రాష్ట్రం చెరిసగం ఇస్తాయి. కట్టాక కరెంటు బిల్లు, బ్లీచింగ్, పైపుల రిపేర్లు, ఆపరేటర్ జీతం ప్రతి నెలా ఉంటాయి. ఇక్కడే పేచీ.

15వ ఆర్థిక సంఘం 2021-26 మధ్య స్థానిక సంస్థలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతాన్ని కట్టడి చేసి ఇచ్చింది. అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలి. ఇది మంచి ఏర్పాటే. కానీ గ్రాంటు ఆలస్యమైతే మొదట ఆగేది రిపేరు. నీటి పన్ను నామమాత్రం, అదీ చాలా ఊళ్లలో అడిగే సర్పంచ్ లేడు. అడిగితే వచ్చే ఎన్నికల్లో ఓటు పోతుందన్న భయం. నెలకు 300 రూపాయలు క్యాన్‌కు కట్టే ఇంటివాళ్లు పంచాయతీకి 30 రూపాయలు కట్టడానికి ఇష్టపడరు. ఎందుకంటే క్యాన్ ఇంటికి వస్తుంది, నల్లా మీద భరోసా లేదు. భరోసా లేదు కాబట్టి డబ్బు ఇవ్వరు, డబ్బు లేదు కాబట్టి రిపేరు కాదు. రిపేరు చేసి, నీళ్లు సక్రమంగా ఇచ్చి, ఆ తర్వాత పన్ను అడగడమే సరైన వరస. దీన్ని తిరగేసి మొదలుపెడితే ఏ ఊళ్లోనూ నడవదు.

ఊరి స్థాయిలో దీన్నంతా చూడాల్సిన కమిటీ కూడా ఒకటి ఉంది. గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీ. 10 నుంచి 15 మంది ఉండాలి, సగం మంది మహిళలు కావాలి. ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్ల వాడకంలో శిక్షణ ఇవ్వాలి. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో తెలుసా? తెలియకపోతే అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఉద్దానం ఎందుకు వేరు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం నీళ్లేనని చాలామంది నమ్ముతారు. ఎన్నో అధ్యయనాలు జరిగినా కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అయినా సురక్షితమైన నీళ్లు ఇవ్వడానికి కారణం తేలే దాకా ఆగనక్కర్లేదు. వంశధార నీళ్లను హిరమండలం నుంచి తెచ్చే దాదాపు రూ.700 కోట్ల పథకాన్ని 2023 డిసెంబరు 14న అప్పటి ముఖ్యమంత్రి జగన్ ప్రారంభించారు. అదే రోజు పలాసలో కిడ్నీ ఆసుపత్రి కూడా మొదలైంది. నీళ్లు మారితే జబ్బు తగ్గుతుందా అన్నది కొన్నేళ్లు గడిస్తే గానీ తెలియదు.

ఊళ్లో అమ్మానాన్న ఉంటే మీరు చేయగలిగింది

ముందు ఆ నల్లాలో వచ్చేది నది నీళ్లా, బోరు నీళ్లా తెలుసుకోండి. కొన్ని ఊళ్లలో రెండూ ఒకే ట్యాంకులో కలుపుతారు. పంచాయతీ కార్యదర్శికి గానీ, ఆంధ్రప్రదేశ్‌లో అయితే గ్రామ సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంట్‌కు గానీ ఈ విషయం తెలిసి ఉండాలి.

తర్వాత పరీక్ష. నిబంధనల ప్రకారం ప్రతి తాగునీటి వనరుకు ఏడాదికి ఒకసారి రసాయన పరీక్ష, వానాకాలానికి ముందు, తర్వాత క్రిముల పరీక్ష జరగాలి. ఫలితాలు జల్ జీవన్ మిషన్ డ్యాష్‌బోర్డులో ఊరి పేరుతో వెతికితే ఫోన్‌లోనే చూడొచ్చు. తేదీ గమనించండి. రెండేళ్ల కిందటి ఫలితం ఈ వానాకాలం గురించి ఏమీ చెప్పదు. దేశంలో 2 వేలకు పైగా ప్రభుత్వ నీటి పరీక్ష ల్యాబ్‌లు ఉన్నాయి. నామమాత్రపు రుసుముతో సామాన్యుల నమూనాలనూ పరీక్షిస్తారు. రసాయనాల పరీక్షకైతే శుభ్రమైన లీటరు సీసాలో, అదే నీళ్లతో రెండు మూడుసార్లు తొలిచి, నిండా పట్టి ఇస్తే చాలు. క్రిముల పరీక్షకు అలా కుదరదు. ల్యాబ్ వాళ్లిచ్చే స్టెరైల్ సీసాలోనే పట్టి, చల్లగా ఉంచి, అదే రోజు చేర్చాలి.

ల్యాబ్ దూరమైతే, శిక్షణ పొందిన మహిళల దగ్గర ఉండే కిట్‌లో చిన్న హెచ్‌టూఎస్ సీసా ఉంటుంది. అందులో గీత వరకు నీళ్లు పోసి గది వేడిలో ఉంచాలి. 24 నుంచి 48 గంటల్లో నీళ్లు నల్లబడితే మురుగు కలిసినట్టు అనుమానించాలి. ఆ రోజు నుంచే మరిగించి తాగాలి.

ఫలితం ఏదైనా ఇంట్లో నీళ్లు దాచే తీరు మార్చాలి. మూత ఉన్న డ్రమ్ము, ముంచుకోవడానికి పొడవాటి కాడ ఉన్న గరిటె. కుళాయి ఉన్న పాత్ర అయితే ఇంకా మంచిది. చేతులు ముంచితే నది నీళ్లయినా, క్యాన్ నీళ్లయినా ఒకటే. గుంతలో నల్లా ఉంటే దాన్ని అడుగు ఎత్తుకు పెంచి, చుట్టూ గట్టు కట్టించండి. నల్లాకు మోటారు ఉంటే తీసేయించండి. పక్కింటి వాళ్లను ఒప్పించడమే కష్టం.

ఫిర్యాదు చేయాల్సి వస్తే 'నీళ్లు బాగోలేవు' అని రాయకండి. ఏ వీధి, ఏ తేదీ, ఎన్ని గంటలకు వదిలిన నీళ్లు, పైపు ఎక్కడ కాలువలోంచి పోతోంది, చివరి ఇంటి దగ్గర క్లోరోస్కోప్‌లో రంగు వచ్చిందా లేదా అన్నవి రాయండి. పైపు ఫొటో జత చేయండి. కార్యదర్శికి ఒక కాపీ, మండల గ్రామీణ నీటి సరఫరా విభాగం ఏఈకి ఒక కాపీ ఇచ్చి, రెండింటి మీదా తేదీతో ముట్టినట్టు సంతకం తీసుకోండి. గ్రామసభ జరిగినప్పుడు ఆ కాగితాన్నే చదివించి తీర్మానంలో రాయించొచ్చు.